బోర్డున్న బండి

ఆ పిల్లకు పచ్చకామెర్లు వచ్చాయని వాళ్ళ గల్లీలో అందరూ నమ్మారు. మెదక్ దగ్గర చిన్నమ్మ ఇంట్లో ఉందని, అక్కడ ఎవరో పసరు మందు పోస్తారని, నూనె, కారం ముట్టకుండా నలభై రోజులు పథ్యం ఉండాలని వాళ్ళమ్మ అందరికీ చెప్పింది. నిజానికి పిల్ల హైదరాబాద్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆడపిల్లల కోసం నడిపే ఒక ప్రభుత్వ హోమ్‌లో ఉంది. ఆ సంగతి తెలిసిన కొద్దిమందిలో నేనొకదాన్ని.

నేను పిల్లల సంరక్షణ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగిని. సోషల్ వర్కర్ అంటారు. ఇలాంటి కేసుల్లో పోలీసులు ఒక పిల్లను కాపాడి తీసుకొస్తే ముందు బాలల సంక్షేమ కమిటీకి చూపిస్తారు. కమిటీ ఆమెను హోమ్‌కి పంపుతుంది. ఆ తర్వాత నాలాంటి వాళ్ళ పని మొదలవుతుంది. పిల్లతో మాట్లాడాలి. ఆసుపత్రికి, కోర్టుకు తోడు వెళ్ళాలి. వాళ్ళ ఇల్లు చూసి రావాలి. తిరిగి పంపితే ఆ ఇంట్లో పిల్ల క్షేమంగా ఉంటుందా లేదా అని రిపోర్టు రాయాలి. కమిటీలో ఉన్నవాళ్ళు ఆ ఇంటిని ఎప్పుడూ చూడరు. నేను చూసిందే వాళ్ళు చూసినట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట నాకు గర్వంగా ఉండేది.

పిల్లకు పదిహేనేళ్ళు. పదో తరగతి. తండ్రి లేడు. తల్లి అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చిన అమ్మాయిలకు పొద్దున ఇడ్లీలు, రాత్రి చపాతీలు. వాళ్ళిద్దరూ ఉండేది పంజాగుట్ట వెనక ఒక గల్లీలో, ఒకే గదిలో. బడి అయ్యాక పిల్ల అమ్మ దగ్గరికి హాస్టల్‌కి నడిచి వచ్చేది. దారిలో ఒక జిరాక్స్ షాపు. అక్కడివాడు మొదట ఫోనుకి రీచార్జి చేశాడు. తర్వాత ఫోనే ఇచ్చాడు. తర్వాత ఫోటోలు. ఆ ఫోటోలు చూపించి బెదిరింపు. ఆ తర్వాత ఇతరుల దగ్గరికి పంపడం. ఆరు నెలలు. అంతకంటే ఇక్కడ రాయను. ఫైలులో ఉంది. పోలీసులు రాశారు, డాక్టరు రాసింది, మేజిస్ట్రేటు రాసుకున్నారు, నేనూ రాశాను. ఎవరు రాసినా ఆ పిల్ల నోటితో మళ్ళీ చెప్పించే రాశారు. ఇంకోసారి అక్కర్లేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుని గోళ్ళ రంగు గీక్కుంటోంది. నన్ను చూసి నవ్వింది. వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్ నన్ను పక్కకు పిలిచింది.

"జర పైలం మేడం. దొరికినప్పటి సంది ఒక్క కన్నీటి బొట్టు లేదు. మస్తు తెలివి. మనిద్దర్ని సుత అమ్మేసొస్తది."

అని తనే నవ్వింది. ఆమె చెడ్డమనిషి కాదు. పిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదని తన డబ్బాలోని ఉప్మా పెట్టింది కూడా ఆమే.

మా ఆఫీసులోనూ అదే మాట కాస్త మర్యాదగా వినిపించేది. ఏడ్చిన పిల్ల అయితే సరే. ఏడవకపోయినా, చేతిలో కొత్త ఫోను ఉన్నా, ఎదురు మాట్లాడినా ఫైలు మీద బాధితురాలనే రాస్తారు. టీ తాగేటప్పుడు మాత్రం ఇంకోలా మాట్లాడతారు. "ఆర్నెల్లు నడిచిందటండీ. ఆర్నెల్లు కన్నతల్లికి చెప్పలేదంటే ఏమనుకోవాలి?" అన్నారు మా ఆఫీసరు గారు. నాకూ ఆ ప్రశ్న లోపల ఉంది. నాకు కూతురుంది. అప్పటికి రెండున్నరేళ్ళు. రేపు అది నాకు ఏం చెప్తుంది, ఏం చెప్పదు అని ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నిద్ర పట్టడం మానేసింది.

మా కౌన్సెలర్ మేడం ఒక్కరే వేరు. యాభై దాటిన మనిషి, వరంగల్ వైపు వారు, ఎవరినీ మెచ్చుకోని మనిషి. చేరిన వారంలోనే నాకు ఒక నియమం పెట్టారు.

"పిల్లను 'ఎందుకు' అని అడగకు. ఎందుకు పోయినవ్, ఎందుకు చెప్పలే, ఇవన్ని పోలీసోళ్ళు అడుగుతరు. ఎందుకు అంటేనే తప్పు నీది అన్నట్టు. ఏమైంది అని అడుగు. తర్వాత ఏమైంది అని అడుగు. చాలు."

"ఏడవట్లేదు మేడం ఈ అమ్మాయి" అన్నాను.

"ఏడిస్తె దెబ్బలు పడే కాడ ఉండి వచ్చింది. ఏడుపు ఆపుకునుడు నేర్చుకుంది. గా ఆపుకునుడు మర్చిపోవడానికి టైం పడ్తది. నీకు రిపోర్టు తొందరుంటే అది నీ ఫికర్, ఆమెది కాదు."

ఆ నియమం పాటించడం ఎంత కష్టమో అడగబోయే ప్రతిసారీ తెలిసేది. ఇంట్లో మా పాపను రోజుకు వందసార్లు ఎందుకు అని అడుగుతాను. ఎందుకు పారబోశావు, ఎందుకు కొరికావు. అది నా మొహం చూసి ఊరుకుంటుంది.

'ఎందుకు' లేకుండా అడిగితే ఆ పిల్ల మాట్లాడింది. మూడోసారి వెళ్ళేసరికి అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. హోమ్‌లో పెట్టే చప్పటి పప్పు గురించి, "నిజంగనే పత్యం నడుస్తున్నది అక్కా. కండ్లు చూడు, పచ్చగైనయా?" అని కళ్ళు పెద్దవి చేసి చూపించింది. పచ్చకామెర్ల కథ వాళ్ళమ్మ ఒక్కత్తే అల్లిందట. ఇంటికి పోయాక కూడా కొన్నాళ్ళు మజ్జిగన్నమే తినాలని, నీరసంగా నడవాలని ముందే అనుకున్నారట. నవ్వుతూ చెప్పి ఉన్నట్టుండి నవ్వు ఆపింది.

"గల్లీల తెల్వకుండ పోవాలె అక్కా. తెలిస్తె నేను పోను. మా అమ్మను సుత ఉండనియ్యరు."

ఆ పిల్ల మమ్మల్ని కోరింది ఇదొక్కటే. వాడికి శిక్ష పడాలని కూడా ఆమె అడగలేదు. అది మేము అడిగించాం.

వాళ్ళమ్మ హాస్టల్లో పొద్దుటి పని ముగించుకుని మా ఆఫీసుకు వచ్చేది. చీర కొంగుకు ఎప్పుడూ పిండి అంటుకుని ఉండేది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చునేది కాదు.

"నలభై రోజులే చెప్పిన మేడం. పచ్చకామెర్లకు అంతకంటే ఎక్కువ చెప్తె ఎవరు నమ్ముతరు? పద్దెన్మిది రోజులు అయిపాయె. నలభై కాకముందె పంపుండ్రి, మీకు పుణ్యముంటది."

"జబ్బు ఎన్ని రోజులుండాలో కూడా కమిటీయే చెప్పాలా అమ్మా?" అని ఆఫీసరు గారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వారు కాబట్టి నవ్వింది.

పంపాలంటే ముందు నేను ఇల్లు చూడాలి. ఎలా రావాలో ఆమే చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి రావాలి. అప్పుడు గల్లీలో అందరూ పడుకుంటారు, పైన ఉండే ఓనరమ్మ టీవీ కట్టేసి నడుం వాలుస్తుంది. ఎవరన్నా అడిగితే హాస్టల్లో ఉండే టీచరమ్మ అని చెప్పాలి. "కార్డు గిట్ల మెడల ఏసుకోకుండ్రి" అని రెండుసార్లు చెప్పింది. సరే అన్నాను. కార్డు తీసేస్తాను, ఆటోలో వస్తాను, మంగళవారం మూడింటికి అని మాటిచ్చాను. అసలు ఆటో కూడా అక్కర్లేదు. మేముండేది అమీర్‌పేటలోనే. మెట్రోలో ఒక్క స్టేషను.

మంగళవారం పాపకు జ్వరం వచ్చింది. మా ఆయన బేగంపేటలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు. వెళ్ళలేకపోయాను. బుధవారం ఆఫీసులో మీటింగు. గురువారం పొద్దున్నుంచి ఇంకో పిల్లతో కోర్టులో. మా వంతు వచ్చేసరికి నాలుగైంది. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు నా రిపోర్టు లేకపోతే ఈ కేసు మళ్ళీ ఎప్పుడు తీస్తారో తెలియదు. నలభై రోజులు దాటిపోతాయి. ఇటు పాపను వదిలిన క్రెష్ ఆరింటికి మూసేస్తారు. అప్పటికే అక్కడి ఆంటీ రెండుసార్లు ఫోన్ చేసింది. "ఒళ్ళు మళ్ళీ కాలుతోందండీ. ఈ రోజైనా టైముకు రండి."

కోర్టు బయట మా ఆఫీసు బండి ఉంది. ఏవో ఫైళ్ళు ఇవ్వడానికి వచ్చింది.

"పంజాగుట్టనా మేడం? ఎక్కుండ్రి, ఇర్వై నిమిషాల్ల దింపుత" అన్నాడు డ్రైవరన్న.

ఎక్కాను. మెయిన్ రోడ్డు మీదే ఆపమన్నాను. అంతవరకు నాకు గుర్తుంది. రోడ్డు మీద ఆపబోతే ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ ఊదాడు. "ఇక్కడ ఆపితే చలాన్ రాస్తడు. గల్లీల తిప్పుత మేడం, ఫికర్ జెయ్యకుండ్రి" అంటూ బండి లోపలికి తిప్పాడు. నేను అప్పుడు ఫోన్‌లో ఉన్నాను. జ్వరం ఎంత ఉంది, మందు ఎన్నింటికి వేశారు అని అడుగుతున్నాను. మాట్లాడుతూనే మెడలోని కార్డు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. తాడు కూడా బయటికి కనపడకుండా లోపలికి తోశాను. ఆ జాగ్రత్త చూసుకుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆమె గుమ్మం ముందు బండి దిగాను.

మా బండి తెల్లది. రెండు వైపులా తలుపుల మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో బాలల సంరక్షణ విభాగం అని ఉంటుంది. దాని కింద, రెండు చేతులతో మొహం కప్పుకున్న ఒక ఆడపిల్ల బొమ్మ. బొమ్మ కింద, 'పిల్లలపై వేధింపులా? మాకు చెప్పండి' అని. ఆ బండిని నేను రోజూ చూస్తాను. రోజూ చూసేది కాబట్టి కనపడటం మానేసింది.

గది చిన్నదే, శుభ్రంగా ఉంది. మేకుకు పిల్ల స్కూలు బ్యాగు. అల్మారాలో పదో తరగతి గైడ్లు. కిటికీలో ఒక సీసాలో ఆకుపచ్చ నీళ్ళు.

"గా సీసల పసరు మేడం. చిన్నమ్మ పంపింది, వచ్చినంక సుత తాగాలె అని ఓనరమ్మకు చూపెట్టిన. తోటకూర రసం" అంది వాళ్ళమ్మ, కాస్త సిగ్గుపడుతూ.

నేను అడగవలసినవి అడిగాను. తలుపుకు లోపల గొళ్ళెం ఉందా. రాత్రి పని నుంచి ఎన్నింటికి వస్తారు. మీరు వచ్చేదాకా పిల్ల ఎక్కడ ఉంటుంది. ఆమె అన్నిటికీ జవాబు సిద్ధం చేసుకుంది. హాస్టల్ మేనేజరుతో మాట్లాడి రాత్రి చపాతీల పని మానుకుంది. బడికి తనే దింపి తనే తీసుకొస్తుంది. ఫోను ఉండదు. "ఇంతకు ముందు చూసుకోలేకపాయిన మేడం. ఇప్పుడు చూసుకుంట" అంది. నేను రాసుకుంటూ నిజంగా సంతోషపడ్డాను. ఇంత అనుకూలంగా ఉన్న ఇల్లు ఆ ఏడాదిలో చూడలేదు. రిపోర్టులో ఏం రాయాలో అప్పుడే మనసులో వాక్యాలు కుదిరాయి.

ఆమె టీ వడపోస్తోంది. అప్పుడు బయట నుంచి ఒక పిల్లవాడి గొంతు వినపడింది. రెండో తరగతో మూడో తరగతో. కూడబలుక్కుంటూ చదువుతున్నాడు.

"బా...ల...ల. సం...ర..."

"క్ష రా. సంరక్షణ" అని ఎవరో పెద్దపిల్ల దిద్దింది.

"పిల్లలపై... వే... వేధిం... పులా?"

పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు. చదవడం వచ్చినందుకు సంబరంగా మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఇంకో ఇద్దరు కలిశారు. పైన ఎక్కడో తలుపు తీసిన చప్పుడు. ఒక ఆడమనిషి గొంతు, "ఎవరింటికొచ్చింది రా గా బండి?"

"గీ వంటామె ఇంటికి!"

వాళ్ళమ్మ చేయి ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. గిన్నెలో మిగిలిన టీ కూడా గ్లాసులో పోసి నాకు ఇచ్చింది.

"బండిల వచ్చిన్రా?"

గ్లాసు అందుకుని తలూపాను.

"తాగుండ్రి. సల్లారిపోతది."

తాగాను. ఆరింటికి పది నిమిషాలుండగానే క్రెష్‌కి చేరాను. ఆ రోజు నేను టైముకు వచ్చానని అక్కడి ఆంటీ మెచ్చుకుంది.

శుక్రవారం నా రిపోర్టు చూసి కమిటీ పిల్లను తల్లి దగ్గరికి పంపమని ఆర్డరు ఇచ్చింది. వచ్చే బుధవారం. సాయంత్రం హోమ్‌కి వెళ్ళి చెప్పాను. పిల్ల అప్పుడే బట్టలు మడత పెట్టుకుంది. బండి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాకపోవచ్చు, గల్లీవాళ్ళు మర్చిపోతారు అనుకున్నాను. అనుకోవడం కాదు, దేవుణ్ణి అడిగాను.

ఆదివారం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఓనరమ్మ కిందికొచ్చింది మేడం. పచ్చకామెర్లకు గవర్నమెంటు బండి ఎప్పటి సంది వస్తుందే అని అడిగింది. ఏం చెప్పాలె? మా ఇంట్ల ఆడపిల్లలున్నరు, నెల గడువు సుత ఇయ్యను అన్నది. రేపు పొద్దుగాల ఖాళీ చేస్తున్న."

సామాను హాస్టల్ వంటింటి వెనక స్టోర్ గదిలో పెట్టుకుంది. బియ్యం బస్తాల మధ్య తను పడుకోవడానికి హాస్టలు ఓనరు ఒప్పుకున్నాడు. పిల్లను ఉంచడానికి ఒప్పుకోలేదు.

సోమవారం ఆఫీసరు గారి ముందు నిలబడి, ఇల్లు పోయింది కాబట్టి ఆర్డరు అమలు చేయలేమని, కొత్త రిపోర్టు ఇవ్వాలని చెప్పాను. ఎలా పోయిందో కూడా చెప్పాను. ఆయన కాసేపు పెన్ను తిప్పారు.

"కారణాలు మనకెందుకండీ. పరిస్థితి రాయండి."

'ప్రస్తుతం కుటుంబానికి స్థిర నివాసం లేదు' అని రాశాను. అబద్ధం కాదు. కింద సంతకం పెట్టాను. ఆ వాక్యం చదివితే ఎవరికైనా ఏం తోస్తుంది? తల్లి నిలకడ లేని మనిషి అని తోస్తుంది. నాకు తెలిసే రాశాను. పిల్ల హోమ్‌లోనే ఉండాలని ఆర్డరు మారింది.

పిల్లకు, అమ్మ ఇల్లు మారుతోంది, కొంచెం ఆలస్యమవుతుంది అని చెప్పాను. ఆమె మడత పెట్టిన బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని వింది.

"గల్లీల తెలిసిందా?"

"తెలిసింది."

"మా అమ్మే చెప్పుంటది. ఆమె కడుపుల మాట ఆగది. ఓనరమ్మ జర మంచిగ మాట్లాడితె అన్ని కక్కేస్తది."

కాదు అనాలి. అనలేదు. ఆ వారం ఆమె తల్లిని చూడను అంది. ఆదివారం వాళ్ళమ్మ పులిహోర కట్టుకుని వచ్చి హోమ్ గేటు లోపల వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చుని, డబ్బా అక్కడి ఆయమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయిందట. ఆయమ్మ నాకు చెప్పింది. తర్వాతి ఆదివారం కూడా అంతే. అమ్మే చెప్పేసిందని కూతురు తల్లి మీద కోపం పెట్టుకుంది. బండి సంగతి తల్లి కూతురికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తర్వాత అర్థమైంది. నా రిపోర్టు మీదే వాళ్ళు ఆధారపడి ఉన్నారు. నా మీద చాడీ చెప్పడానికి ఆమెకు భయం.

ఆగలేక కౌన్సెలర్ మేడంకి చెప్పాను. అంతా విన్నారు. ఓదారుస్తారనుకున్నాను.

"పిల్లకు చెప్పినవా?"

"లేదు మేడం."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

మర్నాడు హోమ్‌కి వెళ్ళాను. కుట్టుమిషన్ల గదిలో ఎవరూ లేనప్పుడు ఎదురెదురుగా కూర్చున్నాం. దారంతా మాటలు సర్దుకున్నాను, కానీ కూర్చున్నాక సర్దినవేవీ రాలేదు.

"గల్లీలో తెలిసింది మీ అమ్మ వల్ల కాదు. నా వల్ల. నేను మా ఆఫీసు బండిలో మీ గుమ్మం దాకా వెళ్ళాను. బండి మీద బోర్డు ఉంటుంది. పిల్లలు చదివారు."

ఆమె చాలాసేపు మిషను చక్రం అటూ ఇటూ తిప్పింది.

"ఆటోల వస్తనన్నవంట గద. అమ్మ ముందే చెప్పింది."

"అన్నాను."

"మరి బండిల ఎందుకు పోయినవ్?"

పాపకు జ్వరమని చెప్పాను. కోర్టులో ఆలస్యమైందని చెప్పాను. క్రెష్ ఆరింటికి మూస్తారని, మెయిన్ రోడ్డు మీద ఆపనివ్వలేదని చెప్పాను. ఒక్కొక్కటీ నిజమే. చెప్తుంటే అన్నీ కలిసి ఇంకేదో అవుతున్నాయి. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ పిల్ల మాటలు రాసుకునేటప్పుడు ఇలాంటి గొంతు విన్నాను. వాడు ఫోన్ ఇచ్చిండు, అమ్మకు పని ఎక్కువుండె, ఫోటోలున్నయన్నడు, ఇంటికి చెప్తనన్నడు. అవన్నీ విని, ఆరు నెలలు ఎందుకు చెప్పలేదో దీంట్లో లేదే అని నేను లోపల అనుకున్నాను. ఆమె ఇప్పుడు నన్ను అలా చూస్తోంది.

"బోర్డు గుర్తుకు రాలేదా?"

"లేదు. తోచలేదు."

"నేను సుత పోలీసోళ్ళకు గదే చెప్పిన" అంది. "ఏం చెయ్యాల్నో తోచలేదు అని. నమ్మలే."

నేను క్షమించమని అడిగాను. "మా అమ్మకు ఫోన్ కలుపుండ్రి మేడం" అంది.

కలిపి ఇచ్చాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "అమ్మా, తిన్నవా?" అంది. తర్వాత చాలాసేపు అవతలి మాటలే వింటూ ఊఁ కొట్టింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ రోజు నుంచి నేను ఆమెకు మేడమే.

ఆ వారంలో ఇంకో రిపోర్టు రాశాను. కుటుంబానికి ఇల్లు పోవడానికి కారణం తల్లి కాదని, ఇచ్చిన మాట తప్పి నేను బోర్డున్న బండిలో వెళ్ళడమని, గోప్యత కాపాడవలసిన మేమే దాన్ని పోగొట్టామని. ఆఫీసరు గారు చదివి కళ్ళద్దాలు తీశారు.

"మీ మీద మీరే రాసుకోవడమేంటండీ. కాంట్రాక్టు రెన్యువల్ దగ్గర పడింది. పిల్లగల తల్లి మీరు, ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. నిజం చెప్పాలంటే రెండు రోజులు ఆ కాగితం బ్యాగులోనే పెట్టుకుని తిరిగాను. ఇచ్చాక కూడా ఉద్యోగం పోలేదు. కమిటీలో ఒక మెంబరు మేడం చదివి, "ఇది మీరే రాశారా?" అని అడిగారు. అవునండి అన్నాను. తల్లికి ఇల్లు వెతకడంలో విభాగం సాయం చేయాలని రాశారు. ఇకపై ఇళ్ళకు వెళ్ళేటప్పుడు బండి బోర్డు కనపడకుండా గుడ్డ కప్పాలని సర్క్యులర్ వచ్చింది. గుడ్డ కుట్టించారు. కొన్నాళ్ళు కప్పారు. ఇప్పుడు డ్రైవరన్న దాంతో అద్దం తుడుస్తున్నాడు.

ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. తండ్రి లేడు, తల్లి పనికి పోతుంది, ఎదిగిన పిల్ల ఉంది అంటే గది ఇచ్చేవాళ్ళు తక్కువ. ఇచ్చేవాళ్ళు అడిగే మొదటి మాట, పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు అని. ఆ నాలుగు నెలలూ పిల్ల హోమ్‌లోనే ఉంది. పదో తరగతి పరీక్షలు అక్కడి నుంచే, తన బడి కాని బడిలో, తన స్నేహితులు లేని గదిలో రాసింది. ఈ నాలుగు నెలలు ఏ ఫైలులోనూ వాడు చేసిన నేరం కింద రావు. నా పేరు మీదా రావు.

చివరికి ఆర్డరు వచ్చిన రోజు కమిటీ గదిలో అందరం ఉన్నాం. పంపాక కూడా నెలనెలా ఒకరు వెళ్ళి పిల్ల ఎలా ఉందో చూడాలి. అది నియమం. మెంబరు మేడం అది వివరించి, "ఈ మేడమే వస్తారు, మీకు పరిచయమే కదా" అన్నారు తల్లితో.

వాళ్ళమ్మ అప్పుడూ నిలబడే ఉంది. చేతులు జోడించింది.

"గీ మేడం మంచిదే. నా బిడ్డకు మస్తు చేసింది. తప్పు సుత ఒప్పుకుంది. కని గీమె వద్దు మేడం. ఇంకెవర్నన్న పంపుండ్రి. గీమెను చూస్తె నాకు గా టీ గుర్తుకొస్తది."

పిల్ల తల్లి పక్కన నిలబడి నేల చూస్తోంది. మెంబరు మేడం నా వైపు చూశారు. "ఆమె అడిగింది సరైందే మేడం" అన్నాను.

ఫైలు మా కొలీగ్‌కి అప్పజెప్పాను. అప్పజెప్పేటప్పుడు ప్రతి పేజీ ఇద్దరం చూసి సంతకం చేయాలి. కొత్త చిరునామా ఉన్న పేజీ వచ్చినప్పుడు నేను దాన్ని తిరగేసి ఇచ్చి, చూడకుండానే సంతకం పెట్టాను. వాళ్ళమ్మ అమీర్‌పేట హాస్టల్లో కూడా మానేసిందట. ఇప్పుడు ఏ వైపు ఉంటున్నారో నాకు తెలియదు. నెలనెలా నా కొలీగ్ ఆ ఇంటికి వెళ్ళి వస్తుంది. బాగుందా అని అడుగుతాను. బాగుంది అంటుంది. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు. ఫైలు ఇచ్చిన ఆ నెలాఖరున ఆఫీసు మీటింగులో, చేతిలో పెండింగు ఫైళ్ళు తగ్గించుకున్నవాళ్ళలో నా పేరు కూడా చదివారు.